వాషింగ్టన్ దిగిపోయిన తీరు, ఆడమ్స్ దిగిపోయిన తీరు

అమెరికా తొలి అధ్యక్షుల గురించి మనం చదువుకునేదంతా వాళ్ళు పదవిలో ఉండగా ఏమేం చేశారన్నదే. జాతీయ బ్యాంకు పెట్టారని, ఇంగ్లండుతో సంధి కుదుర్చుకున్నారని, ఫ్రాన్సు దగ్గర లూసియానా కొన్నారని చదువుతాం. నా మటుకు నాకు 1789 నుంచి 1801 దాకా నడిచిన ఆ పన్నెండేళ్ళలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇద్దరు మనుషులు ఆ పదవి నుంచి దిగిపోయిన తీరు. వాషింగ్టన్ మళ్ళీ నిలబడితే గెలుస్తానని తెలిసి కూడా వద్దనుకుని దిగిపోయాడు. ఆడమ్స్ నిలబడి, ఓడిపోయి, ఓటమిని ఒప్పుకుని దిగిపోయాడు. లోకం మొదటిదాన్నే ఎక్కువగా పొగిడింది. రెండోదే గొప్పదని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను, ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే ఈ ఇద్దరి గురించి మాట్లాడేటప్పుడు, వాషింగ్టన్ దిగిపోయిన ఆ 1796లోనే ఆయన ఇంట్లోంచి వెళ్ళిపోయిన ఒక యువతిని వదిలేసి మాట్లాడటం న్యాయం కాదు. ఆమె పేరు ఓనా జడ్జ్.

1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగం అధ్యక్షుడి గురించి చెప్పింది కొంచెమే. పదవీకాలం నాలుగేళ్ళు అంది గాని, ఎన్నిసార్లు నిలబడవచ్చో చెప్పలేదు. శాఖాధిపతుల దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకోవచ్చు అంది గాని, మంత్రివర్గమన్న మాటే ఎత్తలేదు. సెనేటు సలహాతో, సమ్మతితో సంధులు చేసుకోవాలంది గాని, ఆ సలహా ఎలా అడగాలో, సెనేటు దాన్ని ఎలా ఇవ్వాలో రాయలేదు. రాజులు చనిపోయేదాకా రాజులుగానే ఉండే కాలమది. పోటీ చేసి గెలిచిన మనిషి, గడువు తీరగానే మామూలు పౌరుడై సొంత పొలానికి వెళ్ళిపోవడం ఎలా ఉంటుందో ఒక పెద్ద దేశం స్థాయిలో చూసినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. కాబట్టి మొదటి అధ్యక్షుడు వేసిన ప్రతి అడుగూ తర్వాతివాళ్ళకు దారి అయింది, ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు.

తెలిసే భయపడ్డాడు. పదవి చేపట్టడానికి బయలుదేరే ముందు, 1789 ఏప్రిల్ 1న, తన పాత సైనిక సహచరుడు హెన్రీ నాక్స్‌కు రాసిన ఉత్తరంలో, ఉరికంబం దగ్గరికి నడుస్తున్న నేరస్తుడిలా ఉంది నా మనసు అన్నాడు. ఏప్రిల్ 30న న్యూయార్కులోని ఫెడరల్ హాల్ వసారాలో నిలబడి ప్రమాణం చేశాడు. ఒంటిమీద ఉన్నది కనెక్టికట్‌లో నేసిన గోధుమరంగు బట్టతో కుట్టిన సూటు. విదేశీ బట్ట వేసుకోకూడదని పట్టుబట్టి తెప్పించుకున్నాడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లు 69 మందీ తమకున్న రెండేసి ఓట్లలో ఒకటి ఆయనకే వేశారు. ఉపాధ్యక్షుడైన జాన్ ఆడమ్స్‌కు వచ్చినవి 34. ఆ ఆడమ్స్ సెనేటుకు అధ్యక్షత వహిస్తూ, కొత్త అధ్యక్షుణ్ణి ఏమని సంబోధించాలన్న విషయం మీద వారాల తరబడి చర్చ నడిపించాడు. సెనేటు కమిటీ ఒక పొడవాటి రాచ బిరుదు సూచిస్తే ప్రతినిధుల సభ ఒప్పుకోలేదు, చివరికి ఉత్త 'మిస్టర్ ప్రెసిడెంట్' మిగిలింది. ఈ గొడవలో ఆడమ్స్ నవ్వులపాలయ్యాడు, రాజరికం మీద మోజున్నవాడన్న ముద్ర ఆయనకు జీవితాంతం పోలేదు. పన్నెండేళ్ళ తర్వాత ఆ మనిషే ప్రజాప్రభుత్వానికి అత్యంత అవసరమైన పని చేశాడంటే, మొదటి ముద్రను బట్టి మనిషిని అంచనా వేయడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

ఆ తొలి రోజుల్లో పద్ధతులు ఎలా తయారయ్యాయో చూడాలంటే 1789 ఆగస్టు 22, శనివారం నాటి సంఘటన ఒక్కటి చాలు. పెన్సిల్వేనియా సెనేటరు విలియం మెక్లే తన దినచర్యలో ఆ పూటను పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. దక్షిణ ప్రాంతపు ఆదివాసీ జాతులతో సంధి గురించి సలహా అడగడానికి వాషింగ్టన్ స్వయంగా సెనేటుకు వచ్చాడు. పక్కన యుద్ధమంత్రి నాక్స్. వాషింగ్టన్ తెచ్చిన కాగితాన్ని ఆడమ్స్ చదువుతున్నాడు. వేసవి కాబట్టి కిటికీలు తెరిచి ఉన్నాయి. బయట వీధిలో బండ్లు దడదడమంటూ పోతున్నాయి. ఆదివాసీల గురించి ఏదో చదువుతున్నారని తెలిసిందే తప్ప ఒక్క వాక్యం కూడా చెవికెక్కలేదని మెక్లే రాశాడు. కిటికీలు దించారు, మళ్ళీ చదివారు. ఏడు అంశాలు, ఒక్కొక్కదానికి అక్కడికక్కడే అవునో కాదో చెప్పాలి. సభలో ఎవరూ నోరు మెదపలేదు. చివరికి మెక్లే లేచి, సంబంధిత పాత సంధుల పత్రాలు చదివి వినిపించమన్నాడు. మరొక సభ్యుడు విషయాన్ని కమిటీకి పంపుదామన్నాడు. వాషింగ్టన్ చివుక్కున లేచి, నేనిక్కడికి వచ్చిన పనే దీంతో చెడిపోతుంది అన్నాడు. కాసేపటికి శాంతించి, సోమవారం దాకా ఆగడానికి ఒప్పుకుని, ముఖం ముడుచుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం వచ్చాడు, పని పూర్తి చేసుకున్నాడు. కానీ సలహా అడగడానికి తానుగా సెనేటుకు రావడం అదే ఆఖరు. తర్వాత ఏ అధ్యక్షుడూ అలా రావడం ఆనవాయితీ కాలేదు. సంధి ముందు కుదుర్చుకుని, కాగితం పంపి, సమ్మతి మాత్రం అడగడం అలవాటైంది. రాజ్యాంగంలో సలహా అన్నమాట అలాగే ఉంది, ఆచరణలో అది దాదాపు కరిగిపోయింది. ఈ సంఘటనలో నాకు మెక్లే చాలా ఇష్టం. యుద్ధం గెలిపించిన మనిషి, దేశమంతా దేవుడిలా చూసే మనిషి ఎదురుగా కూర్చుని కాగితానికి అవుననమంటుంటే, పత్రాలు చదవనిదే అననని చెప్పడానికి గుండె కావాలి. వాషింగ్టన్‌ను కూడా తప్పుపట్టలేను. కోపం వచ్చింది, అణచుకున్నాడు, సభ తీరును మన్నించాడు. సైన్యాన్ని నడిపిన మనిషికి అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాతి ఏడేళ్ళ కథ చాలామందికి తెలిసిందే, కాబట్టి త్వరగా దాటేస్తాను. ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ రాష్ట్రాల యుద్ధపు అప్పులను కేంద్రం నెత్తిన వేసుకునేలా చేశాడు. అందుకు ప్రతిగా రాజధాని పదేళ్ళు ఫిలడెల్ఫియాలో ఉండి, 1800లో పొటోమాక్ నది ఒడ్డుకు మారేలా బేరం కుదిరింది. 1791లో బ్యాంకు వచ్చింది. విస్కీ మీద పన్ను కట్టబోమని పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు తిరగబడితే 1794లో దాదాపు 13,000 మంది సైన్యాన్ని పంపారు. విదేశాంగమంత్రి థామస్ జెఫర్సన్‌కు హామిల్టన్ పోకడ బొత్తిగా గిట్టలేదు. ఫ్రాన్సు విప్లవం మీద, ఇంగ్లండుతో స్నేహం మీద ఇద్దరి దారులూ వేరు. 1793 చివర జెఫర్సన్ రాజీనామా చేసేసరికి దేశంలో రెండు పక్షాలు తయారయ్యాయి: హామిల్టన్ వైపు ఫెడరలిస్టులు, జెఫర్సన్, ఆయన మిత్రుడు జేమ్స్ మాడిసన్‌ల వైపు రిపబ్లికన్లు (నేటి రిపబ్లికన్ పార్టీ వేరు). రాజ్యాంగం రాసినవాళ్ళు ఊహించనిది, కోరుకోనిది ఇదే.

1796 వేసవికి వాషింగ్టన్ అలసిపోయాడు. ఇంగ్లండుతో కుదిరిన జే సంధి మీద పత్రికలు ఆయన్ను దుమ్మెత్తిపోశాయి. వీడ్కోలు పలుకులు నిజానికి నాలుగేళ్ళ కిందటే, 1792లో, మాడిసన్ చేత ఒక ముసాయిదా రాయించుకుని దాచాడు. ఇప్పుడు దాన్ని హామిల్టన్‌కు ఇచ్చి మళ్ళీ రాయించి, తానుగా దిద్దుకున్నాడు. అది ప్రసంగం కాదు, ఆయన దాన్ని ఏ సభలోనూ చదవలేదు. సెప్టెంబరు 19న క్లేపూల్ అనే ముద్రాపకుడి పత్రికలో అచ్చయింది. అచ్చు ప్రతులు దిద్దడం అయ్యాక, ఈ రాతప్రతిని నేను దాచుకోవచ్చా అని క్లేపూల్ అడిగితే వాషింగ్టన్ దాన్ని ఆయన చేతికే ఇచ్చేశాడు. పక్షాల పగలు ప్రజాప్రభుత్వాన్ని ఎలా తినేస్తాయో, ఒక పక్షం మీద కసితో ఇంకో పక్షం ఎలా నియంత చేతుల్లోకి వెళుతుందో అందులో ఉంది. మూడోసారి నిలబడకూడదన్న సూత్రమేదీ అందులో లేదు. తనకు విశ్రాంతి కావాలన్నాడు, పరిస్థితులు అనుకూలించాయన్నాడు, అంతే. రెండు దఫాల నియమాన్ని వాషింగ్టన్ సిద్ధాంతంగా ప్రకటించాడని చాలామంది అనుకుంటారు; ఆయన దాన్ని చేసి చూపించాడు, ప్రకటించలేదు.

ఇప్పుడు ఓనా జడ్జ్ సంగతి. ఆమె వాషింగ్టన్ భార్య మార్తాకు దుస్తులు కుట్టే, ముస్తాబు చేసే బానిస. పుట్టింది వాషింగ్టన్ ఎస్టేటు అయిన మౌంట్ వెర్నాన్‌లో. చట్టం ప్రకారం ఆమె వాషింగ్టన్ సొత్తు కాదు, మార్తా మొదటి భర్త తాలూకు ఆస్తిలో భాగం. అధ్యక్షుడు ఫిలడెల్ఫియాకు మారినప్పుడు ఆమెనూ తీసుకొచ్చారు. పెన్సిల్వేనియాలో 1780 నాటి చట్టం ఒకటి ఉంది: బయటి రాష్ట్రం నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు తెచ్చుకున్న బానిసలు ఆరు నెలలు అక్కడ ఉంటే స్వేచ్ఛ కోరుకోవచ్చు. అందుకని వాషింగ్టన్ తన ఇంట్లోని బానిసలను ఆరు నెలలు నిండకముందే ఏదో వంకతో సరిహద్దు దాటించి, మళ్ళీ వెనక్కి రప్పించేవాడు. వాళ్ళకూ జనానికీ కూడా అసలు కారణం తెలియకుండా ఇది జరగాలని 1791లో తన కార్యదర్శికి రాశాడు. ఆ ఉత్తరం నేడు ఎవరైనా చదవవచ్చు. చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అదే చేతిరాత, అదే నిగ్రహంతో కూడిన వాక్యాలు, రాజ్యాంగాన్ని అంత శ్రద్ధగా పాటించిన ఆ మనిషే.

1796 మే నెలలో ఇంటిల్లిపాదీ వేసవికి వర్జీనియా బయలుదేరడానికి సామాను సర్దుకుంటున్నారు. తనను మార్తా మనవరాలికి ఇచ్చేస్తారని ఓనాకు అప్పటికే తెలిసింది. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఆమె ఒక పత్రికకు చెప్పిన మాటలు ఇవి: వాళ్ళు వర్జీనియాకు సర్దుకుంటుంటే నేనూ సర్దుకుంటున్నాను, ఎక్కడికో నాకే తెలియదు, వర్జీనియాకు తిరిగి వెళితే ఇక నాకు ఎన్నటికీ స్వేచ్ఛ దొరకదని మాత్రం తెలుసు. ఫిలడెల్ఫియాలోని నల్లజాతి స్నేహితుల ఇంటికి తన బట్టలు ముందే పంపించింది. మే 21న అధ్యక్షుడి కుటుంబం భోజనానికి కూర్చున్నప్పుడు గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఓడెక్కి న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మౌత్ చేరింది. పట్టిచ్చినవారికి 10 డాలర్ల బహుమానమని వాషింగ్టన్ ఇంటి నిర్వాహకుడు పత్రికలో ప్రకటన వేయించాడు.

అంతటితో పోలేదు. ఆమె పోర్ట్స్‌మౌత్‌లో ఉన్నట్టు తెలిశాక, వాషింగ్టన్ ఆర్థికమంత్రి ద్వారా ఆ రేవు పట్టణంలోని కస్టమ్స్ అధికారి జోసెఫ్ విపుల్‌కు కబురు పంపాడు. ప్రభుత్వ యంత్రాంగాన్ని సొంత పనికి వాడటమే అది, దానికి వేరే పేరు లేదు. విపుల్ ఆమెతో మాట్లాడాడు; బలవంతంగా ఓడ ఎక్కించడానికి మనసొప్పలేదు. మీ దంపతుల తదనంతరం స్వేచ్ఛ ఇస్తామంటే తిరిగి వస్తానంటోందని అధ్యక్షుడికి రాశాడు. నవంబరు 28న వాషింగ్టన్ జవాబు ఇచ్చాడు: అలాంటి రాజీ ఏమాత్రం కుదరదు, నమ్మకద్రోహానికి బహుమతి ఇవ్వడం న్యాయమూ కాదు, యుక్తమూ కాదు. వీడ్కోలు పత్రం అచ్చయి అప్పటికి పది వారాలు. ఓనా తిరిగి రాలేదు. 1799లో వాషింగ్టన్ బంధువొకడు మళ్ళీ పోర్ట్స్‌మౌత్ వెళ్ళి ఆమెను పట్టుకుపోదామని చూస్తే, అక్కడి సెనేటరు జాన్ లాంగ్డన్ ద్వారా ముందే కబురంది తప్పించుకుంది. పేదరికంలో బతికి 1848లో కన్నుమూసింది. చట్టం దృష్టిలో ఆమె చివరిదాకా పారిపోయిన బానిసే. పారిపోయినవారిని యజమానికి అప్పగించాలన్న ఆ 1793 చట్టం మీద సంతకం చేసింది వాషింగ్టనే.

న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిన మన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది ఫిలడెల్ఫియా వెళ్ళి లిబర్టీ బెల్ చూసి ఫోటో దిగి వస్తారు. ఆ గంట ఉన్న భవనం పక్కనే, ఆరో వీధీ మార్కెట్ వీధీ కలిసేచోట, ఆ అధ్యక్ష నివాసం ఉండేది. ఇల్లు ఏనాడో కూల్చేశారు. దాని ఆనవాళ్ళతో ఒక స్మారకాన్ని 2010లో తెరిచారు, అక్కడ వాషింగ్టన్ ఉంచిన తొమ్మిదిమంది బానిసల పేర్లు గోడ మీద చెక్కారు. ఈసారి వెళ్ళేవాళ్ళు ఒక పావుగంట అక్కడ కూడా ఆగమని నా మనవి.

1796 ఎన్నికలో ఆడమ్స్‌కు 71, జెఫర్సన్‌కు 68 ఓట్లు వచ్చాయి. అప్పటి నియమం ప్రకారం ఎక్కువ వచ్చినవాడు అధ్యక్షుడు, తర్వాతివాడు ఉపాధ్యక్షుడు. దాంతో ప్రత్యర్థులిద్దరూ ఒకే ప్రభుత్వంలోకి వచ్చారు. 1797 మార్చి 4న ఆడమ్స్ ప్రమాణం చేస్తుంటే సభలో చాలామంది ఏడ్చారట, ఆయన కోసం కాదు, వెళ్ళిపోతున్న వాషింగ్టన్ కోసం. ఆడమ్స్ మర్నాడు భార్య అబిగెయిల్‌కు రాస్తూ, వాషింగ్టన్ ముఖం చూస్తే 'నేను బయటపడ్డాను, నువ్వు ఇరుక్కున్నావు, ఇద్దరిలో ఎవరు సుఖపడతారో చూద్దాం' అంటున్నట్టు అనిపించిందన్నాడు. ఆ ఊహ అక్షరాలా నిజమైంది. ఆడమ్స్ వాషింగ్టన్ మంత్రులనే అలాగే ఉంచుకున్నాడు. వాళ్ళలో పికరింగ్, వుల్కాట్, మెక్‌హెన్రీ ముగ్గురూ పదవిలో లేని హామిల్టన్‌ను అడిగి నడిచేవాళ్ళు. తన మంత్రివర్గం తనది కాదని గ్రహించడానికి ఆడమ్స్‌కు మూడేళ్ళు పట్టింది.

ఫ్రాన్సు అమెరికన్ వర్తక నౌకలను పట్టుకుంటోంది. మాట్లాడటానికి వెళ్ళిన ముగ్గురు రాయబారులను ఫ్రెంచి విదేశాంగమంత్రి తాలూకు మనుషులు లంచం అడిగారు. 1798లో ఈ సంగతి బయటపడగానే దేశం భగ్గుమంది, యుద్ధం కావాలంది. సముద్రం మీద ప్రకటించని యుద్ధం మొదలైంది, ప్రత్యేక నౌకాదళ శాఖ ఏర్పడింది, పెద్ద సైన్యాన్ని కూడగట్టి హామిల్టన్‌ను దానికి రెండో సేనానిని చేశారు. ఆ వేడిలోనే రాజద్రోహ చట్టం వచ్చింది. ప్రభుత్వాన్ని, కాంగ్రెస్‌ను, అధ్యక్షుణ్ణి దురుద్దేశంతో నిందిస్తూ తప్పుడు రాతలు రాస్తే జైలు. ఉపాధ్యక్షుణ్ణి నిందిస్తే మాత్రం ఏమీ లేదు, ఎందుకంటే ఆ పదవిలో ఉన్నది జెఫర్సన్. వెర్మాంట్ ప్రతినిధి మాథ్యూ లియన్‌కు నాలుగు నెలల జైలు, 1,000 డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన జైల్లో ఉండగానే ప్రజలు మళ్ళీ గెలిపించారు. ఈ చట్టాన్ని ఆడమ్స్ అడగలేదని, కాంగ్రెస్ తెచ్చిందని ఆయన అభిమానులు అంటారు. సంతకం ఆయనది, కేసులు నడిచింది ఆయన హయాంలో. ఆ మచ్చను నేను తుడవను.

కానీ అదే ఆడమ్స్ 1799 ఫిబ్రవరి 18న మంత్రులెవరికీ చెప్పకుండా, ఫ్రాన్సుతో శాంతి చర్చలకు విలియం వాన్స్ మర్రీని పంపుతున్నానని సెనేటుకు ఒక చీటీ పంపాడు. సొంత పార్టీ నెత్తిన పిడుగు పడినట్టయింది. యుద్ధజ్వరం ఉంటేనే ఫెడరలిస్టులు గెలుస్తారని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. 1800 మేలో మెక్‌హెన్రీ చేత రాజీనామా చేయించాడు, పికరింగ్‌ను తీసేశాడు. అక్టోబరులో హామిల్టన్ తన పార్టీ అధ్యక్షుణ్ణే తిడుతూ ఏభై పుటలు మించిన కరపత్రం రాశాడు. ఫ్రాన్సుతో ఒప్పందం సెప్టెంబరు 30న కుదిరింది, ఆ వార్త మాత్రం ఓటింగు మీద ప్రభావం చూపేంత త్వరగా సముద్రం దాటి రాలేదు. 1815లో ఆడమ్స్ ఒక ఉత్తరంలో, నా సమాధి మీద ఇంకేమీ వద్దు, '1800లో ఫ్రాన్సుతో శాంతికి బాధ్యత తన మీద వేసుకున్న జాన్ ఆడమ్స్ ఇక్కడ ఉన్నాడు' అని రాస్తే చాలన్నాడు. ఓటమి ఖాయమని తెలిసే దేశానికి యుద్ధం తప్పించాడన్న ఈ లెక్క దగ్గరే నేను ఆయన పక్షాన నిలబడతాను.

ఎన్నిక ఫలితం ఇది: జెఫర్సన్ 73, ఆయనతో పాటు ఉపాధ్యక్ష పదవికి నిలబడిన ఆరన్ బర్ 73, ఆడమ్స్ 65. ఇద్దరికీ సమానంగా రావడంతో, ఎవరు అధ్యక్షుడో తేల్చే పని ప్రతినిధుల సభ మీద పడింది. అక్కడ రాష్ట్రానికి ఒక ఓటు. 16 రాష్ట్రాల్లో తొమ్మిది కావాలి. బర్ పక్కకు తప్పుకుంటానని గట్టిగా చెప్పలేదు. ఓడిపోయిన ఫెడరలిస్టుల్లో చాలామంది జెఫర్సన్ మీద కోపంతో బర్‌కు వేశారు. 1801 ఫిబ్రవరి 11న, మంచు కురుస్తుండగా, కొత్త రాజధాని వాషింగ్టన్‌లో ఇంకా సగమే కట్టిన భవనంలో ఓటింగు మొదలైంది. జెఫర్సన్‌కు ఎనిమిది, బర్‌కు ఆరు, రెండు రాష్ట్రాల సభ్యులు సమంగా చీలిపోయారు. మేరీలాండ్ సభ్యుడు జోసెఫ్ నికల్సన్ జ్వరంతో మంచాన ఉన్నాడు; ఆయన లేకపోతే ఆ రాష్ట్రం బర్ వైపు మొగ్గుతుంది. మంచులో మంచంతో సహా మోసుకొచ్చి పక్క గదిలో పడుకోబెడితే, భార్య పక్కనుండగా ప్రతి విడతకూ చీటీ మీద పేరు రాసి ఇచ్చాడు. వర్జీనియా, పెన్సిల్వేనియా గవర్నర్లు అవసరమైతే సైన్యాన్ని కదిలించడానికి సిద్ధంగా ఉన్నారు. ఫిబ్రవరి 17న, 36వ విడతలో, డెలావేర్ ఏకైక సభ్యుడు, ఫెడరలిస్టు అయిన జేమ్స్ బేయార్డ్ ఖాళీ చీటీ వేశాడు. వెర్మాంట్, మేరీలాండ్ ఫెడరలిస్టులు కూడా బర్‌ను వదిలేయడంతో జెఫర్సన్‌కు పది రాష్ట్రాలు వచ్చాయి. పదవీకాలం ముగియడానికి మిగిలింది పదిహేను రోజులు.

ఆ వారమంతా ఆడమ్స్ అధ్యక్ష భవనంలోనే ఉన్నాడు. సైన్యం ఆయన చేతిలో ఉంది, కొత్త అధ్యక్షుడు తేలలేదు, రాజ్యాంగం ఆ పరిస్థితికి స్పష్టమైన దారి చూపలేదు. ఆయన ఏమీ చేయలేదు. ఏమీ చేయకపోవడమే ఆయన చేసిన పని. వాషింగ్టన్ దిగిపోయినప్పుడు ఆయన్ను దించాలని చూసినవాళ్ళు లేరు, వెనక వచ్చేవాడు తనవాడే. వదులుకోవడానికి వినయం కావాలి గాని, అవమానం మింగనక్కర్లేదు. ఆడమ్స్ దిగిపోయింది తనను రాజరికవాది అన్న మనిషికి, ఒకప్పటి ఆప్తమిత్రుడికి, చోటిచ్చి. అందులోనూ ఆ శీతాకాలమే ఆయన కొడుకు ఛార్లెస్ ముప్ఫై ఏళ్ళకే చనిపోయాడు. మార్చి 4 తెల్లవారుజామున నాలుగు గంటలకు బండెక్కి మసాచుసెట్స్ బయలుదేరాడు, జెఫర్సన్ ప్రమాణానికి ఉండలేదు. దాన్ని చిన్నబుద్ధి అని చాలామంది రాశారు. మర్యాద తప్పిన మాట నిజమే. అయితే మార్చి 24న ఇంటి నుంచి జెఫర్సన్‌కు రాసిన చిన్న ఉత్తరం కూడా చదవాలి. కొడుకు మరణానికి సంబంధించిన ఉత్తరమొకటి అధ్యక్ష భవనానికి వస్తే జెఫర్సన్ దాన్ని తిప్పి పంపాడు, దానికి జవాబది. మీరు దాన్ని చదివి ఉంటే మీకూ దుఃఖం కలిగేది అని చెప్పి, ఇక్కడ అంతా ప్రశాంతంగా ఉంది, మీ పాలన నెమ్మదిగా, సుభిక్షంగా సాగాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను అని ముగించాడు.

జెఫర్సన్ తన బసలోంచి నడిచి వెళ్ళి, తనకు ఏమాత్రం పడని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఎదుట ప్రమాణం చేసి, మనమందరం రిపబ్లికన్లమే, మనమందరం ఫెడరలిస్టులమే అన్నాడు. మార్షల్‌ను వెళ్ళిపోయే ముందు నియమించింది ఆడమ్సే; ఆయన 1835 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. రాజద్రోహ చట్టం గడువు తీరి పోయింది, దాని కింద శిక్షపడ్డవారిని జెఫర్సన్ క్షమించాడు. హామిల్టన్ బ్యాంకును తిట్టినవాడే దాన్ని ఉండనిచ్చాడు. 1803లో 1.5 కోట్ల డాలర్లకు లూసియానా కొన్నప్పుడు తనకు ఆ అధికారం రాజ్యాంగం ఇచ్చిందా అని ఆయనకే అనుమానం, అయినా కొన్నాడు. 1807 డిసెంబరులో మూడోసారి నిలబడమని అడిగిన వెర్మాంట్ శాసనసభకు జవాబిస్తూ, పదవికి గడువు రాజ్యాంగంలోనో ఆచారంలోనో లేకపోతే అది పేరుకు నాలుగేళ్ళదై, నిజానికి జీవితకాలపు పదవి అవుతుందన్నాడు. వాషింగ్టన్ చేసి చూపించినదాన్ని సూత్రంగా మాటల్లో పెట్టింది ఆయన. 1940లో రూజ్వెల్ట్ దాటేదాకా ఆ ఆచారం నిలబడింది, 1951లో 22వ సవరణతో చట్టమైంది.

1800 ఫలితం గురించి ఇంకొక లెక్క మిగిలింది. ప్రతినిధుల సభలో సీట్లు, వాటిని బట్టి ఎలక్టర్ల సంఖ్య, జనాభా మీద ఆధారపడేవి. ఆ జనాభాలో బానిసలను ఐదుగురికి ముగ్గురి చొప్పున కలిపేవారు. ఓటు లేని మనుషుల తలలు లెక్కపెట్టి వాళ్ళ యజమానులకు అదనపు బలం ఇవ్వడమన్నమాట. అలా వచ్చిన ఓట్లు జెఫర్సన్ 73లో పన్నెండుకు తగ్గవని చరిత్రకారులు అంచనా కడతారు. ఆడమ్స్ మీద ఆయన ఆధిక్యం ఎనిమిది. ఆడమ్స్ బానిసలను ఎన్నడూ ఉంచుకోని మనిషి. 1789 నుంచి 1825 దాకా 36 ఏళ్ళలో 32 ఏళ్ళు అధ్యక్ష పదవిలో ఉన్నది బానిసలున్న వర్జీనియా భూస్వాములే. మధ్యలో ఆడమ్స్ నాలుగేళ్ళు. 73-73 చిక్కు మళ్ళీ రాకుండా 1804లో 12వ సవరణ తెచ్చి, అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకు విడివిడిగా ఓటు వేయించారు. ఐదింట మూడు వంతుల లెక్కను ఆ సవరణ ముట్టుకోలేదు. అది పోవడానికి అంతర్యుద్ధం జరగాల్సి వచ్చింది. రాజ్యాంగంలో దాని స్థానంలో కొత్త లెక్క వచ్చింది 1868లో, 14వ సవరణతో.